ఇంటి పాటకు తగిన యాంప్లిఫయరు
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఇంజనీరును కాను. పండితుడను అంతకంటె కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగా చేరి, టిక్కెట్లు, పార్సెళ్లు, రిజిష్టర్లు వీటి మధ్య కాలము గడుపుచున్నవాడను. అయితే చిన్ననాటి నుండి రేడియోలు, రికార్డు ప్లేయర్లు విప్పి బిగించుట నాకు అలవాటు. మన సంఘములో ఎవరింట పాట పెట్టె మూగబోయినను నాకు కబురు వచ్చుచుండును. "మంచి స్టీరియో యాంప్లిఫయరు ఏది కొనవలెనని నలుగురు అడుగుచున్నారు, ఆ సంగతేదో సభలోనే చెప్పవయ్యా" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. వారి మాట కాదనలేక నిలుచున్నాను.

ఉగాదినాడు ఈ ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. పచ్చడి తిన్న తరువాత మనము చేయునది పంచాంగ శ్రవణము. శ్రవణమనగా వినుట. చదివెడివాడు ఒక్కడు, వినెడివారు ఊరంతయు. ఈ తమిళ దేశములో మన తెలుగు నిలిచినది కూడ ఆ విధముగనే గదా!

మన పెద్దలు విజయనగర ప్రభువుల కాలములోను, మధుర నాయకుల కాలములోను, అనగా 16వ శతాబ్దము మొదలుకొని ఈ ప్రాంతములకు వచ్చి, నల్లరేగడి నేలలలో బావులు త్రవ్వి సేద్యము చేసి స్థిరపడినారు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, ఆఫీసులో ఇంగ్లీషు. పిల్లలు బడిలో నేర్చునది తమిళ లిపి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒకే అక్షరము. తమిళమునకు అది చాలును, ఆ భాషకు ఏ లోటును లేదు. మన తెలుగు పద్యమునకు మాత్రము ఆ నాలుగును వేరువేరుగా వినబడవలెను. మా అవ్వకు తెలుగు అక్షరము రాదు. అయినను భాగవత పద్యములు గుక్క తిప్పుకోకుండా చెప్పును. ఆమెకు తెలుగు చెవిగుండా వచ్చినది. నా కుమార్తెకు కూడ అక్షరముకంటె ముందు చెవిగుండానే రావలసియున్నది. కనుక మన ఇండ్లలో పాట వినెడి యంత్రము విలాస వస్తువు మాత్రమే కాదు, సగము తెలుగు బడి.

ఆ బడికి పంతుళ్లు ఎవరో చూడుడు. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి తెలుగున కీర్తనలు చేసినారు. మధురలో పుట్టిన శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు తిరుమల తిరుపతి దేవస్థానమువారి కొరకు 1980 ప్రాంతమున అన్నమాచార్యుల సంకీర్తనలను ఎల్.పి. రికార్డులుగా పాడినారు. 1974లో ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పరమపదించిన తరువాత వారి భగవద్గీత రికార్డు ఇంటింట మ్రోగినది. కరవదిలో పుట్టి శ్రీరంగములో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహేబుగారి నాదస్వరము, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు, ఈమని శంకరశాస్త్రిగారి వీణ, ఇట్టివి ఎన్నియో. వీటిలో కొన్ని మన అటకలమీద గోనె సంచులలో ఇంకను ఉన్నవి. అవన్నియు సెల్‌ఫోనులో దొరకునుగదా అందురు. దొరకును, కాని ఆ వ్రేలెడు స్పీకరులో తంబురా శ్రుతి వినరాదు, మృదంగపు ఎడమ ప్రక్క వినరాదు. మాట వినబడును, దాని వెనుక గాలి వినబడదు.

ఇక విషయమునకు వచ్చెదను. కౌంటరు వద్దకు వచ్చి "అయ్యా, మంచి బండి ఏది?" అని అడుగువారు అప్పుడప్పుడు ఉందురు. "ఎక్కడికి పోవలెను?" అని తిరిగి అడుగుటకంటె నేను చేయగలిగినది లేదు. "మంచి యాంప్లిఫయరు ఏది?" అను ప్రశ్నకు కూడ అదే జవాబు. ఏ స్పీకరునకు? ఎంత గదికి? ఏ రికార్డునకు? ఎవరి చెవులకు? ఈ నాలుగును తేల్చుకొనక అంగడికి పోయినవాడు అమ్మెడివాని మాటనే కొనుక్కొని వచ్చును.

మన కోయంబత్తూరు జిల్లావారికి ఇది బోధపరచుట సులభము. ఇది మోటారు పంపుల దేశము. కలంగల్ గ్రామములో తెలుగింట పుట్టిన జి. డి. నాయుడుగారు 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేసినారు. దేశములో అదియే మొదటిదని చెప్పుదురు. ఆ జి. డి. నాయుడుగారే 1941లో అయిదు వాల్వుల రేడియో సెట్టును 70 రూపాయలకు చేయగలమని ప్రకటించినారు. యంత్రమునకు పేరును బట్టి కాక పనిని బట్టి వెల కట్టవలెనని నేర్పిన ఊరు ఇది. బావి లోతెంత, నీరు ఎక్కవలసిన ఎత్తెంత, పైపు వెడల్పెంత అని చూడకుండా మోటారు కొను రైతు మనలో లేడు. యాంప్లిఫయరు మోటారు. స్పీకర్లును గదియును బావి. బావిని చూచి మోటారు కొనుడు. నేను ఈ రోజున చెప్పదలచినది ఈ ఒక్క మాటయే, తక్కినదంతయు దాని వివరణ.

యాంప్లిఫయరు చేయు పని ఏమిటి? రికార్డు గాడిలో ముల్లు కదలినప్పుడు కార్ట్రిడ్జిలో పుట్టు విద్యుత్తు బహు స్వల్పము. సాధారణపు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చునది సుమారు 5 మిల్లీవోల్టులు. స్పీకరునకు 10 వాట్ల శక్తి పోవలెనన్న దాని కొనలవద్ద సుమారు 9 వోల్టులు ఉండవలెను. అనగా ముల్లు చెప్పిన మాటను దాదాపు రెండు వేల రెట్లు పెంచవలెను. పెంచునప్పుడు దాని ఆకారము మారరాదు, తన సొంత గొణుగుడు కలుపరాదు. 'అనలాగ్' అనగా ఇదియే. గాడిలోని అలను అంకెలుగా మార్చకుండ, అల ఎట్లున్నదో అట్లే పెద్దది చేయుట.

ఈ విద్య ఒక్కరోజున వచ్చినది కాదు. లీ డి ఫారెస్టు 1906లో ఆడియాన్ వాల్వును తెచ్చినాడు. 1927లో హెరాల్డ్ బ్లాక్ అను అమెరికా ఇంజనీరు, బయటకు వచ్చిన ధ్వనిలో కొంత భాగమును తలక్రిందులు చేసి మరల లోనికి పంపినచో తప్పులు తగ్గునని కనుగొన్నాడు. దీనినే నెగటివ్ ఫీడ్‌బాక్ అందురు. 1947లో విలియమ్సన్ అను ఆయన ఒక ఇంగ్లీషు పత్రికలో ప్రకటించిన వాల్వు యాంప్లిఫయరును అనేకులు ఇండ్లలో కట్టుకొన్నారు. ఆ ఏడే ట్రాన్సిస్టరు పుట్టినది. 1948లో ఎల్.పి. రికార్డు, 1950ల చివరను స్టీరియో రికార్డు వచ్చినవి. అనగా తప్పులు తక్కువగా పాటను పెంచుట ఎట్లో లోకమునకు తెలిసి చాల కాలమైనది. ఇప్పుడు ఎవరైనను మహా రహస్యమేదో కనుగొన్నామని లక్షలు అడిగిన యెడల ఈ చరిత్ర జ్ఞాపకముంచుకొనుడు.

ఇప్పుడు బావి లోతు కొలుతము. స్పీకరు వెనుక, లేదా దాని కాగితములో, సెన్సిటివిటీ అని ఒక అంకె ఉండును. ఒక వాటు శక్తి ఇచ్చినపుడు ఒక మీటరు దూరములో ఎంత ధ్వని వచ్చునో ఆ అంకె తెలుపును. ఇంటి స్పీకర్లకు ఇది 84 నుండి 90 డెసిబెల్సు వరకు ఉండుట సామాన్యము. 87 అనుకొందము. మన గదిలో మూడు మీటర్ల దూరమున కూర్చుండి, రెండు స్పీకర్లు మ్రోగినచో, ఒక్కొక్కదానికి ఒక వాటుతో సుమారు 84 డెసిబెల్సు వినబడును. ఇంటిలో హాయిగా పాట వినుటకు 74 చాలును. దానికి కావలసినది వాటులో పదవ వంతు! పాటలో హఠాత్తుగా మృదంగము తీర్మానము వచ్చినపుడు ధ్వని 20 డెసిబెల్సు ఎగిరి 94 అయినదనుకొనుడు. అప్పటికి 10 వాట్లు. కొంత నిలువ ఉండవలెను గనుక 30 లేక 40 వాట్లున్న యాంప్లిఫయరు మామూలు గదికి నిండుగా సరిపోవును.

స్పీకరు సెన్సిటివిటీ 3 డెసిబెల్సు తగ్గినచో యాంప్లిఫయరు రెట్టింపు శక్తి ఈయవలెను. ఇదే లెక్కను తిరుగవేసి చూడుడు. 40 వాట్ల దానిని విడిచి రెట్టింపు ధర పెట్టి 80 వాట్లది తెచ్చినచో మీకు లభించునది ఆ 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మ్రోతగా తోచవలెనన్న సుమారు పది రెట్లు శక్తి కావలెను. వాట్ల వేలములో పాల్గొనుట మనకు తగదు. పెట్టెలమీద 'పి.ఎం.పి.ఓ.' అని వేలకొలది వాట్లు అచ్చువేసిన కాలము మీకు జ్ఞాపకముండును. ఆ అంకెలకు అర్థము లేదు. ఎనిమిది ఓముల స్పీకరునకు, రెండు ప్రక్కలు ఏకకాలమున పనిచేయుచుండగా, ఎడతెగక ఎన్ని వాట్లిచ్చునో, దానినే ఆర్.ఎం.ఎస్. వాట్లని వ్రాయుదురు. ఆ అంకె ఒక్కటి అడుగుడు.

రెండవ అంకె ఇంపీడెన్సు. స్పీకరుమీద 8 ఓములని వ్రాసియున్నను కొన్ని స్వరములవద్ద అది 4 ఓములకు దిగవచ్చును. అప్పుడు యాంప్లిఫయరు ఎక్కువ కరెంటు ఈయవలెను. చదునైన దారిలో బండిని లాగు ఇంజను ఘాటు ఎక్కునప్పుడే దాని సత్తా తెలియును. 8 ఓములకు 40 వాట్లిచ్చునది 4 ఓములకు 60, 70 ఈయగలిగిన యెడల దాని ట్రాన్స్‌ఫార్మరు, విద్యుత్ సరఫరా గట్టివని అర్థము. నిజముగా ఖరీదు పెట్టవలసినది అక్కడనే. ముందు పలకమీది బంగారు పూతకు కాదు.

గదిని మరువరాదు. మన ఇండ్లు సిమెంటు నేల, సున్నపు గోడలు, పైన కాంక్రీటు. చప్పట్లు కొట్టిన గలగలమని తిరిగి వచ్చును. ఆ గదిలో ఎంత గొప్ప యాంప్లిఫయరైనను మాటలు కలగాపులగమగును. ఒక మంచి భవానీ జంబుఖానా నేలమీద పరచి, కిటికీలకు మందపు తెరలు కట్టి, స్పీకర్లను గోడనుండి రెండడుగులు ముందుకు జరుపుడు. ఈ మార్పు చాలమంది యాంప్లిఫయరు మార్చి పొందలేని మార్పు.

తరువాత వాల్వులా, ట్రాన్సిస్టర్లా అను చర్చ. దీనిమీద పొట్లాడుకొను మిత్రులను నేనెరుగుదును. వాల్వు యాంప్లిఫయరు చీకటి గదిలో దీపారాధనవలె వెలుగుచుండగా పాట వినుట ఒక సుఖము, కాదనను. ఒకప్పుడు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌వారు కూడ వాల్వులు చేసినారు. కాని వాల్వు పెట్టెలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉండును. పిల్లలున్న ఇంట జాగ్రత్త కావలెను. పవరు వాల్వులు కొన్ని వేల గంటలలో అరిగిపోవును, మార్చవలెను. అదిగాక స్పీకరు ఇంపీడెన్సు పెరిగి తరిగినకొలది కొన్ని స్వరములు హెచ్చి కొన్ని తగ్గుట వీటిలో ఎక్కువ. ఆ రుచి నచ్చినవారు కొనవచ్చును. రుచి అని తెలిసి కొనవలెను, సత్యమని అనుకొని కాదు.

'క్లాసు ఏ' అను పద్ధతి ట్రాన్సిస్టర్లు పాట ఉన్నను లేకున్నను నిండు కరెంటు త్రాగుచుండును. ప్రక్కకు 20 వాట్ల చొప్పున 40 వాట్ల పాట కొరకు కనీసము 80 వాట్లు, ఆచరణలో అంతకు చాల ఎక్కువ, ఎల్లవేళల కాలుచుండును. మార్గశీర్ష మాసములో గది వెచ్చగా ఉండుటకు బాగే. చైత్ర వైశాఖములలో దాని ప్రక్కన కూర్చుండి చూడుడు! మనవంటివారికి 'క్లాసు ఏబీ' ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు సర్వవిధముల అనుకూలము. చిన్న ధ్వనిలో ఏ పద్ధతిని, పెద్ద ధ్వనిలో బీ పద్ధతిని పనిచేయును. వేడి తక్కువ, మరమ్మతు సులభము.

ఈ సందర్భములో ఒక సంగతి చెప్పవలెను. 1978లో ఇంగ్లాండులో క్వాడ్ కంపెనీవారి వాల్వు యాంప్లిఫయరును, రెండు ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లను, ఏది ఏదో తెలియనీయకుండ అనుభవజ్ఞులకు వినిపించినారు. వారు వేటికి వాటిని నమ్మకముగా గుర్తుపట్టలేకపోయినారు. బాగుగా చేసిన యాంప్లిఫయర్లు తమ శక్తికి లోబడి పనిచేయునంతవరకు వాటి మధ్య భేదము బహు స్వల్పమని దీనివలన తెలియుచున్నది. కనుక భేదము నిజముగా ఎక్కడ వచ్చునో అక్కడ చూడవలెను. అట్టివి నాలుగు కలవు.

మొదటిది ఫోనో భాగము. రికార్డు కోయునప్పుడు మంద్ర స్వరములను తగ్గించి, తార స్వరములను హెచ్చించి కోయుదురు. లేనిచో గాడి మరీ వెడల్పగును, ముల్లు గీరుడు పాటను మించును. వినునప్పుడు యాంప్లిఫయరు దీనిని సరిగ్గా తిరుగవేయవలెను. 1950ల నడుమనుండి దీనికి ఆర్.ఐ.ఎ.ఎ. అను ఒకే కొలత ఏర్పడినది. నడిమి స్వరములతో పోల్చిన, అట్టడుగున సుమారు పది రెట్లు పెంపు, కొట్టకొనను పది రెట్లు తగ్గింపు. ఈ లెక్క తప్పిన యెడల గాయకుని గొంతు జలుబు చేసినట్లో, కీచుమన్నట్లో ఉండును. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జి వాడువారికి ఇంకొక చిక్కు. దానినుండి వచ్చునది అర మిల్లీవోల్టుకంటె తక్కువే. దానికి తగిన ప్రత్యేక భాగము పెట్టెలో ఉన్నదో లేదో అడుగుడు. పరీక్ష సులభము. ముల్లును రికార్డుమీద ఉంచక, వాల్యూమును మీరు వినెడి చోట ఉంచి, స్పీకరు దగ్గర చెవి పెట్టుడు. 'గుయ్' అను మ్రోత కూర్చున్న చోటికి వినబడరాదు. వినబడినచో ముందు ఎర్తు తీగ చూడుడు. టర్న్‌టేబుల్ ఎర్తు తీగను యాంప్లిఫయరు వెనుక మరకు బిగించని ఇండ్లే ఎక్కువ.

రెండవది వాల్యూము మర. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, పిల్లలు నిద్రించుచుండగా, సన్నగా వినెడివాడను నేను. చౌకరకపు మర అడుగున త్రిప్పినపుడు ఎడమ ప్రక్క మ్రోగి కుడి ప్రక్క మ్రోగదు. గాయకురాలు గది మధ్యనుండి లేచి గోడవద్దకు పోవును. అంగడిలో గట్టిగా వినిపించుదురు గనుక ఈ లోపము అక్కడ బయటపడదు. మీరు అడిగి సన్నగా వినుడు.

మూడవది, గొప్పవారు చిన్నచూపు చూచు మరలు. ఇప్పటి ఖరీదైన యాంప్లిఫయర్లలో బాస్, ట్రెబుల్, బాలెన్సు మరలు, మోనో మీట తీసివేయుట ఒక నాగరికత అయినది. క్రొత్త రికార్డులు మాత్రమే వినువారికి అది చెల్లును. మన అటకలమీదివి ఎట్టివి? 78 చుట్ల నాటక పద్యములు, ప్రక్కకు సుమారు మూడు నిమిషములవి. మోనో కాలపు ఎల్.పి.లు. మోనో రికార్డును స్టీరియో కార్ట్రిడ్జితో వినునప్పుడు మోనో మీట నొక్కినచో గీరుడు కొంత తగ్గి గొంతు మధ్యకు వచ్చును. 78 రికార్డులకు ఆర్.ఐ.ఎ.ఎ. కొలత అక్కరకు రాదు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క కొలతతో కోసినది గనుక బాస్, ట్రెబుల్ మరలతో చెవికి సరిపుచ్చుకొనవలెను. వాటికి లావు ముల్లు కూడ వేరే కావలెను. ఎల్.పి. ముల్లు పెట్టిన పాత గాడి అడుగున దొర్లును. మనకు ఆ మరలున్న పెట్టెయే 'హై-ఎండ్'. ఏది మన పెద్దల గొంతును స్పష్టముగా వినిపించునో అదియే ఉన్నతము.

నాలుగవది మన కరెంటు, మన మరమ్మతు. జపాను దేశములో వాడుటకు చేసిన యాంప్లిఫయర్లు 100 వోల్టులకు, అమెరికావి 120 వోల్టులకు చేసినవి. అందమైన పాత పెట్టె చౌకగా వచ్చినదని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టినచో ఒక్క క్షణములో బూడిద. వెనుక పలకమీది అంకె చదువక డబ్బు ఈయకుడు. ఇరువది ముప్పది ఏండ్ల పాతదైనచో లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండియుండును. వాటిని మార్చు ఖర్చు కూడ ధరలో చేర్చి లెక్కించుడు. మూడు పిన్నుల ప్లగ్గుకు నిజమైన ఎర్తు ఉండవలెను. ఉరుములు వచ్చినపుడు ప్లగ్గు ఊడదీయుడు. మన దేశములో కూడ యాంప్లిఫయర్లు చేయువారు కలరు. కలకత్తాలో సోనోడైన్ సంస్థ 1970లో స్థాపింపబడినది, బొంబాయిలో నార్జ్ అను సంస్థ కలదు. ఏ దేశపుదైనను, చెడినపుడు పెట్టెను ఎంత దూరము పంపవలెనో ముందు అడుగుడు. పార్సెలు ఆఫీసువాడనుగా చెప్పుచున్నాను, పదిహేను కిలోల యాంప్లిఫయరునకు దూర ప్రయాణము మంచిది కాదు. దాని మొదటి అట్టపెట్టెను, లోపలి దిమ్మలను పారవేయకుడు.

చివరకు వినుట. రెండు యాంప్లిఫయర్లను పోల్చునప్పుడు రెండింటి ధ్వని సమానముగా ఉండవలెను. కొంచెము గట్టిగా మ్రోగునది ఎల్లప్పుడు బాగున్నట్లు తోచును. అమ్మెడివారికి ఈ కిటుకు బాగుగా తెలియును. మొన్న ఒక మిత్రుడు తన పెద్ద యాంప్లిఫయరును మా ఇంటికి తెచ్చినాడు. మా పెట్టెను దాని ప్రక్కన ఉంచి ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టినాము. మొదట అందరును పెద్దదానికే ఓటు వేసినారు. తరువాత ఒకే స్వరము మ్రోగించి, మీటరుతో స్పీకరు కొనలవద్ద వోల్టేజి కొలిచి రెండును సమానము చేసి, తువ్వాలు కప్పి మార్చి మార్చి వినిపించినాము. ఓట్లు చీలిపోయినవి. అంతయు విని మా అవ్వ, "నాయనా, రెంటిలోను మాట తెలుస్తా ఉంది. తక్కువ ఖరీదుది ఏది?" అని అడిగినది. హై-ఫై పత్రికలు పది చదివినను ఇంతకంటె మంచి ప్రశ్న నాకు కనబడలేదు.

'మాట తెలియుట' అను అవ్వ పరీక్షనే నేను మీకును సిఫారసు చేయుచున్నాను. మీకు కంఠస్థమైన ఒక తెలుగు పద్యమో కీర్తనయో తీసికొనిపొండు. శ, ష, స మూడును మూడుగా వినబడుచున్నవా? ఇవి మూడు వేలనుండి ఎనిమిది వేల కంపనముల నడుమ పలుకును. అక్కడ కరకుదనమున్నచో మూడును ఒకే బుసగా వినబడును. ద, ధ వేరుగా ఉన్నవా? ల, ళ? పాట ఆగి తంబురా ఒక్కటే మిగిలినపుడు దాని నాలుగు తీగలు వినబడుచున్నవా, లేక తేనెటీగల రొదగా ఉన్నదా? గాయకుడు ఊపిరి పీల్చుట తెలియుచున్నదా? గంటసేపు విన్న తరువాత ఇంకొక ప్రక్క వేయవలెననిపించినదా, ఆపివేయవలెననిపించినదా? ఇంటికి తెచ్చి ఒక వారము విననిచ్చు అంగడియే మంచి అంగడి.

డబ్బు సంగతి. నావంటి గుమాస్తా కష్టపడి లక్ష రూపాయలు కూడబెట్టినాడనుకొందము. నా లెక్కలో సగము స్పీకర్లకు, నాలుగవ వంతు టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జి, ముల్లునకు, తక్కిన నాలుగవ వంతు యాంప్లిఫయరునకు. లోకములో చాలమంది దీనిని తలక్రిందులు చేయుదురు. దీని కొరకు ప్రావిడెంటు ఫండునుండి తీయుట, వాయిదాల అప్పు చేయుట కూడదని నా దృఢాభిప్రాయము. "ఈ పెట్టె పాడుతుంది సరే, పాప బడి ఫీజు కూడ కడుతుందా?" అని మా ఇంటావిడ అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిననాడే కొనుడు. అంతవరకు ఉన్న పెట్టెకు ముల్లు మార్చి, ఎర్తు బిగించి, జంబుఖానా పరచుకొని వినుడు. పాట మీకొరకు వేచియుండును.

పాట వేచియుండును గాని, రికార్డులు వేచియుండవు. అటకమీద ఎండకు వంగిపోవుచున్నవి, పెద్దవారు పోగానే తూకమునకు పోవుచున్నవి. అందుచేత సంఘమువారికి ఒక మనవి. ప్రతి ఇంటివారును ఈ నెలలో అటక దించి, ఉన్న రికార్డులను నిలువుగా నిలబెట్టి, ఏమేమి ఉన్నవో ఒక కాగితముమీద వ్రాసి కార్యదర్శిగారికి ఈయవలెను. లక్క రికార్డులైన 78లను స్పిరిటుతో తుడువరాదు, కరగిపోవును. మెత్తని బట్ట చాలును. నెలకొక ఆదివారము ఒక్కొక్కరి ఇంట కూడి విందము. పెద్దలు పద్యము అర్థము చెప్పుదురు, పిల్లలు వినెదరు. ఎవరి యాంప్లిఫయరు గొప్పదను పోటీ వద్దు. ఎవరింట పిల్లవాడు విన్న పద్యమును ఒత్తులతో తిరిగి చెప్పినాడో వారి యాంప్లిఫయరే గొప్పది.

బావిని చూచి మోటారు, స్పీకరును గదిని చూచి యాంప్లిఫయరు. ఈ మాట జ్ఞాపకముంచుకొనినచో నా ప్రసంగము సార్థకము. పంచాంగములో ఆదాయ వ్యయములు ఎట్లున్నను, మీ అందరి ఇండ్ల ఈ నూతన సంవత్సరమున మంచి మాట, మంచి పాట లోటు లేక వినబడుగాక అని కోరుచు విరమించుచున్నాను.

శుభమస్తు.